చీమలు అలిగిన ఊరు

తూర్పు కొండల మీద సూర్యుడు పసుపు రాసిన పళ్ళెంలా పైకి లేచాడు. కొమ్మెర కోటలో భేరీ మోగింది. కొలువు తీరింది. హేమకేతు మహారాజు తాతల కాలపు సింహాసనం వైపు నడిచాడు. ఎర్రచందనపు సింహాసనం అది. రెండు పక్కలా దంతపు ఏనుగులు, పైన పచ్చల కళ్ళ నెమళ్ళు, వెనక వెయ్యి రేకుల తామర. చూసినవాడికి రెప్ప పడదు.

రాజు కూర్చున్నాడో లేదో, ఆ సింహాసనం కుప్పకూలింది.

ఏనుగులు ఒక పక్కకి, నెమళ్ళు ఒక పక్కకి దొర్లాయి. కిరీటం పోయి మంత్రిగారి ఒళ్ళో పడింది. దుమ్ము అణిగాక చూస్తే లోపల కర్రే లేదు. పైన రంగు, లోపలంతా మట్టి. ఆ మట్టిలో తెల్లగా, నూకల్లా కదులుతున్నాయి చెదపురుగులు.

ఒక్కరూ నవ్వలేదు. నవ్వడానికి ఎవరి కొంపా బాగాలేదు. తలుపు తడితే చెయ్యి తలుపులోంచి అవతలికి పోతోంది. దూలాలు బోలుపోయాయి. గోడల మీద చెదమట్టి చారలు పాముల్లా పైకి పాకుతున్నాయి. పొద్దున గీకేస్తే సాయంత్రానికి మళ్ళీ అదే చోట లేస్తున్నాయి. మొన్న కుమ్మరి గంగులు ఇంట్లో ఉయ్యాల కొయ్య విరిగి, పసిబిడ్డ చెయ్యి విరిగింది. ఆ బిడ్డ చేతికి వెదురు బద్దలు కట్టి, చంకన వేసుకుని తల్లి గంగులు కూడా కొలువుకి వచ్చి నిలబడింది.

ఆమె పక్కనే జనంలో నిలబడ్డాడు చెన్నుడు. ముగ్గుపిండి అమ్ముకునే కుర్రవాడు. పెళ్ళీ పిల్లలూ లేని వాడు. మాట చురుకు, కాలు చురుకు. ఆ ఉయ్యాల విరిగిన రోజు నుంచీ అతను గంగులు కళ్ళలోకి చూడలేకపోతున్నాడు. ఎందుకో అతనికే తెలియదు. బిడ్డ ఏడుపు వినబడితే మాత్రం పోయి ఒక బెల్లంముక్క పెట్టి వస్తాడు.

"సిద్ధుణ్ణి పిలిపించండి!" అన్నాడు రాజు, నేల మీదే కూర్చుని.

పిలవకముందే వచ్చాడు ధూమసిద్ధుడు. మోకాళ్ళ దాకా జడలు, ఎర్రటి కళ్ళు, చేతిలో మనిషెత్తు వెదురు దండం. నోరు తెరిస్తే పొగ. ఊరికి చెద పట్టిన ప్రతిసారీ వచ్చి ఇల్లిల్లూ పొగ వేసేది ఇతనే. పొగ వేస్తే చెద పోతుంది. తొలకరి చినుకు పడగానే మళ్ళీ వస్తుంది. మళ్ళీ ఇతనూ వస్తాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పుచ్చుకుపోతాడు. ఒకసారి ఏనుగుల వనం, ఒకసారి ఉత్తరపు బురుజు.

"సిద్ధా, ఈసారి ఏం కావాలో అడుగు. ఈ పీడ మళ్ళీ రాకూడదు" అన్నాడు రాజు.

"ఈసారి నాకేమీ వద్దు మహారాజా" అన్నాడు సిద్ధుడు. "ఊరంతా చెద పట్టింది కదా. పట్టని ఇల్లు ఒకటుంది. వెతికించండి. చెదను పంపే మంత్రగత్తె ఆ ఇంట్లోనే ఉంటుంది. తన ఇంటిని తాను తినిపించుకోదు కదా!"

జనంలో కలకలం రేగింది. భటులు పరిగెత్తారు. ఎండ ముదరకముందే ఒక ముసలమ్మను ఈడ్చుకొచ్చారు. వంగిన నడుము, పిండి అంటిన చీర కొంగు, కాళ్ళకు చెప్పుల్లేవు. సుంకవ్వ. తల్లిదండ్రులు లేని చెన్నుణ్ణి చేరదీసి, ముగ్గు వెయ్యడం నేర్పింది ఆమే.

"నీ ఇంట్లో చెద లేదట. నిజమేనా?" అన్నాడు రాజు.

"లేదు సామీ."

"ఎందుకు లేదు?"

"నన్నడిగితే నేనేం చెప్పేది? దానికి బుద్ధి పుట్టలేదేమో. చెద పట్టలేదని సంకెళ్ళేసే రాజ్యం ఇదొక్కటే ఉన్నెట్టుండాదే!"

కొందరు నవ్వారు. గంగులు నవ్వలేదు. "నీ ఇల్లు చల్లగుండాది గదా అవ్వా! నా బిడ్డ చెయ్యి చూడు! ఏం పాపం జేసినామని మా మీదికి తోలినావు?" అని ఏడ్చింది. నవ్విన వాళ్ళు కూడా రాళ్ళకోసం వంగారు.

సిద్ధుడు దండం ఎత్తాడు. "పొగగూటిలో పెట్టండి. పొద్దు గుంకగానే నేనే నిప్పు పెడతాను. ఆమె ప్రాణం పోతే చెదా పోతుంది."

రాజు తల ఊపాడు.

కోట ముంగిట ఎర్రమట్టితో కట్టిన గుండ్రటి పొగగూడు ఉంది, మనిషిని లోపల పెట్టి మంట వేసేది. దాని పక్క రాతిస్తంభానికి అవ్వను కట్టేశారు. చెన్నుడు జనాన్ని తోసుకుంటూ అక్కడికి పోయాడు.

"వచ్చినావా చెన్నా" అంది అవ్వ, అతని కోసమే ఎదురుచూస్తున్నట్టు. "ముగ్గేసే ఏళకి ఈ బంట్రోతు నాబట్టలు వచ్చి పట్టుకొచ్చిరి. ఇంటికాడ చీమలు కనిపెట్టుకోనుంటాయిరా. కడవలో బియ్యప్పిండుండాది. పోయి వాకిట్లో ఇంత చల్లిరాపో."

"అవ్వా, నిన్ను చంపుతాండారు. నీకు చీమల బాధేంది?"

"అయ్యేం జేసినాయి పాపం? దినామూ నా ముగ్గు తిని బతికేటియి. నీ పిండి మాత్రం పొయ్యొద్దురా. దాన్నయ్యి తినవు. ఆ పక్కకే రావు."

చెన్నుడు తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

ఒకప్పుడు కొమ్మెరలో ఏ గడపలో చూసినా బియ్యప్పిండి ముగ్గే. పొద్దెక్కేసరికి చీమలు వచ్చి చుక్క చుక్కా మోసుకుపోయేవి. గోడ పగుళ్ళలో, గడప కింద, దూలాల సందుల్లో వాటి బారులే. అప్పుడు చెద అనే మాట ఊళ్ళో వినబడలేదు. తర్వాత చెన్నుడికి తెల్లగుట్ట దగ్గర తంబూర వాయించుకునే బైరాగి ఒకడు తగిలాడు. "ఈ రాయి దంచి చూడు నాయనా, వెన్నెల్లా మెరుస్తుంది. పురుగు ముట్టదు, వానకు చెదరదు" అన్నాడు. చెన్నుడు దంచి తెచ్చాడు. ఊరంతా ఎగబడింది. తిరగళ్ళు మూలపడ్డాయి. గడపలన్నీ తళతళలాడాయి. సుంకవ్వ ఒక్కతే, "చీమ తినని పిండి నాకేంటికిరా" అని మొండికేసింది. ఆ రోజు నలుగురిలో ఆమెను ఎగతాళి చేసింది చెన్నుడే.

తిండి లేక చీమలు అలిగి ఊరు విడిచాయి. చెదను పట్టి తినే కాపలా పోయింది. చెద వచ్చింది.

'నేనే చేశాను' అని అరవబోయాడు. నోరు తెరిచాడు. ఎదురుగా గంగులు, చంకలో బిడ్డ, బిడ్డ చేతికి వెదురు బద్దలు. ముందు చీమల్ని తెచ్చి తర్వాత చెబుదాంలే అని తనకు తానే సర్దిచెప్పుకుని అక్కడినుంచి పరిగెత్తాడు.

అవ్వ ఇంట్లో కడవ నిండా పిండి ఉంది. వాకిట్లో చీమల బారు నిజంగానే ఎదురుచూస్తోంది. చెన్నుడు చెయ్యి చాపాడు. బారు గిరుక్కున పక్కకు తిరిగింది. అరచేతుల గీతల్లో ఇంకా రాతిపొడి తళుక్కుమంటోంది. ఎంత కడిగినా పోని తళుకు. ఆకుతో పిండి తీసి చల్లితే అప్పుడు ముట్టాయి. తలా ఒక రవ్వ పట్టుకుని కోటగోడ కింద తూములోంచి బయటికి, దూరాన కనబడే ఎర్రదిబ్బ వైపు సాగాయి.

చెన్నుడు కడవ ఎత్తుకుని కోట ద్వారం దగ్గరికి వచ్చాడు. అక్కడ సిద్ధుడి శిష్యులు ఇద్దరు కాపలా. ఎవర్నీ బయటికి పోనివ్వడం లేదు. చెన్నుడు పొగగూటి పక్క బూడిద తీసి ఒళ్ళంతా పూసుకున్నాడు. పైపంచె తీసి తలకు జడలా చుట్టాడు. కళ్ళు ఎర్రబడేదాకా నలుపుకున్నాడు.

"ఎవడ్రా నువ్వు? మా మఠంలో ఎప్పుడూ చూళ్ళేదే!" అన్నాడు లావు శిష్యుడు.

"ఎట్లా చూస్తావు? నువ్వు చూసేది గంజి కుండే గదా. గురువుగారు విభూతి కడవ తెల్లగుట్టకు చేర్చమన్నారు. ఆలస్యమైతే నీ పేరే చెప్తా, పేరు చెప్పు."

సన్నపు శిష్యుడు కిసుక్కుమన్నాడు. "పోనీరా, తెల్లగుట్ట పేరు చెప్పినాడంటే మనోడే. ఆడ గురువుగారు తంబూర పట్టుకుని ఏసిన యేషం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తాది. ఆ ఎర్రిబాగుల ముగ్గులోడు పొడి మూట నెత్తినెత్తుకుని గంతులేసుకుంటా పాయె గదా!"

"ఒక్క మూటతో ఊరి కాపలా అంతా లేపేసినాడు మన గురువు! ఆ ముగ్గులోడికి గుడి కట్టాలప్పా!" అని లావాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వూ నవ్వరా, ఏమట్టా నిలబడినావు?"

చెన్నుడు నవ్వాడు. నవ్వకపోతే దొరికిపోతాడు. ఆ నవ్వు నోట్లో బూడిదకంటే చేదుగా ఉంది. నవ్వుతూనే ద్వారం దాటి, చాటుకు పోగానే పరుగందుకున్నాడు.

కోటకూ ఎర్రదిబ్బకూ మధ్య పెద్ద లోయ. లోయ మీద కొయ్యవంతెన. చెన్నుడు సగం దూరం పోయాడో లేదో కాలికింద పలక అప్పడంలా విరిగింది. ముందు పలక, వెనక పలక, పక్క దుంగ, అన్నీ మట్టై రాలుతున్నాయి. ఇక్కడా చెదే. తను తెచ్చిన చెదే. ఎగిరి తాడు పట్టుకున్నాడు. తాడు తెగింది. ఊగుతూ పోయి అవతలి బండకు కొట్టుకున్నాడు. మోకాలు పగిలింది. ఒక చేత్తో వేరు పట్టుకుని, ఒక చేత్తో కడవను గుండెకు హత్తుకున్నాడు. కడవ పగల్లేదు. కానీ ఒరిగి, సగం పిండి తెల్లటి మబ్బులా లోయలోకి జారిపోయింది.

"అవ్వా!" అన్నాడు, ఆమే చేతిలోంచి జారిపోయినట్టు. చెట్టు వేళ్ళు పట్టుకుని పైకి పాకాడు.

ఎర్రదిబ్బ దగ్గర నిలబడ్డవాడికి అదొక మహానగరం. దిబ్బ మీద వేల గోపురాలు. గోపురానికి గోపురానికి మధ్య నున్నటి వీధులు. వీధుల్లో ఎర్రచీమల దండు, నల్లచీమల దండు, గండుచీమల కావలి. ఆకుముక్కలు పందిళ్ళు, మిడత రెక్కలు వింజామరలు, ఎండిన పూరేకులు తివాచీలు. అన్నిటికంటే ఎత్తైన గోపురం మీద, కెంపులా మెరుస్తూ, బొటనవేలంత చీమలరాణి.

"ఎవరిదా పిండి?" అంది రాణి. చిన్న గొంతు, కానీ దిబ్బంతా మోగింది.

"సుంకవ్వది తల్లీ. ఆమెను చంపబోతున్నారు. మీరు ఊరికి వస్తే చెద పోతుంది, ఆమె బతుకుతుంది."

"మా తిండి తీసేసిన ఊరికి మేమెందుకు రావాలి? తీసిందెవరు?"

చెన్నుడు నేల చూశాడు. "ఎవరో బైరాగి తల్లీ."

అనగానే కాలి మడమ మీద ఒక కాటు పడింది. సలసల మండింది.

"బైరాగి గడపగడపకూ వచ్చి పోశాడా?"

"ఊళ్ళో వాళ్ళే..."

ఈసారి మోకాలి గాయం మీద పడింది. చెన్నుడు కుంటుతూ కూలబడ్డాడు. "నేనే తల్లీ! నేనే మోసుకొచ్చినా, నేనే ఇంటింటికీ పోసినా. మీరు తినేదని తెలుసు. మీరేమైపోతారని ఒక్కనాడూ అనుకోలే. అవ్వ చెప్తే నవ్వినా."

కాట్లు ఆగాయి.

"ఈ మాట ఊళ్ళో చెప్పావా?"

"లేదు."

"చెబుతావా?"

చెన్నుడు తల దించుకుని కడవలో మిగిలిన పిండి వైపు చూశాడు. రాణి మీసాలు ఆడించింది. "సరే. నీ కోసం కాదు, ఆ ముసలామె చేతి పిండి కోసం వస్తాం. కానీ మేము గీత మీదే నడుస్తాం. ఇక్కడినుంచి ఆమె పాదాల దాకా పిండి గీత గియ్యి. ఎక్కడ తెగితే అక్కడ ఆగుతాం. నీ చేతులతో ముట్టకు. ఆ వాసన మాకు పడదు."

పొద్దు పడమటికి వాలింది. చెన్నుడు మోదుగాకును దోనెలా మడిచి, దారం అంత సన్నంగా పిండి వదులుతూ నడిచాడు. వెనక దండు కదిలింది. దిబ్బే లేచి వస్తున్నట్టుంది. వంతెన లేదు గనక లోయలోకి దిగాడు. రాతి మీద గీత, మట్టి మీద గీత, మళ్ళీ పైకి గీత. మోకాలి రక్తం గీత మీద పడకుండా తలపాగా చించి కట్టాడు. కోట ద్వారం దగ్గర ఆ శిష్యులిద్దరూ అడ్డం వచ్చారు. వెనక వస్తున్నదేమిటో చూశారు. బట్టలు ఎగగట్టుకుని పారిపోయారు.

ద్వారం దాటాడు. ఆకు దులిపాడు. కడవ బోర్లించి తట్టాడు. ఒక చిటికెడు రాలింది. అంతే.

గీత ఆగింది. దండు ఆగింది.

ఎదురుగా ఊరంతా పోగై ఉంది. జనం అవతల పొగగూటి ముందు అవ్వ, కాగడా పట్టుకుని సిద్ధుడు. సూర్యుడు బురుజు అంచుకు ఆనాడు. లోయలో ఒలికిపోయిన పిండి ఉంటే ఆమె పాదాల దాకా సరిపోయేది. ఇప్పుడు బియ్యప్పిండి ఉన్నది ఈ జనం వంటిళ్ళలో. అడగాలంటే చెప్పాలి.

చెన్నుడు ఖాళీ కడవ నెత్తిన పెట్టుకుని జనం మధ్యకు పోయాడు.

"ఆగండి! చెదను తెచ్చింది అవ్వ కాదు, నేను!" అని అరిచాడు. "నా రాతిపొడి తెచ్చింది. చీమల కడుపు కొట్టి తరిమేసినా. మీ తలుపులు తినింది నేనే. ఆ వంతెన తినింది నేనే." గంగులు వైపు తిరిగాడు. ఈసారి కళ్ళలోకే చూశాడు. "అక్కా, నీ ఉయ్యాల విరిచింది నేనే. పొద్దున్నే తెలిసింది. భయమేసి చెప్పలే. ఆ అవ్వను కట్టేసి ఉండంగ గూడా చెప్పలే."

మొదటి రాయి భుజానికి తగిలింది. రెండోది కడవకు తగిలి, కడవ ముక్కలైంది. చెన్నుడు కదల్లేదు.

"అబద్ధం! మంత్రగత్తె పెంచినోడు, అట్లాగే చెప్తాడు!" అని సిద్ధుడు అరిచాడు.

గంగులు బిడ్డను పక్కావిడ చేతికిచ్చి వచ్చింది. చెన్నుడి చెంప పగిలేలా కొట్టింది. "నా బిడ్డ ఏడ్సినప్పుడల్లా వచ్చి బెల్లంముక్క పెట్టిపోతివే. అందుకా?"

"తెలిసి పెట్టలేదక్కా. మనసు ఊరుకోక పెట్టినా. ఈ గీత అవ్వ కాళ్ళ దాకా పోవాల, ఇంత బియ్యప్పిండి పొయ్యక్కా."

ఆమె మళ్ళీ చెయ్యెత్తింది. కిందికి చూసింది. అతని కాళ్ళ దగ్గర, గీత తెగిన చోట, లక్షల చీమలు తలలెత్తి నిలబడి ఉన్నాయి. వాటి పక్కనే గోడ మీద చెదమట్టి చార ఒకటి గబగబా నేలలోకి ఇంకిపోతోంది. అంతటా అదే. చీమల వాసనకు చెద పారిపోతోంది.

గంగులు ఎత్తిన చెయ్యి దించింది. విసవిసా ఇంట్లోకి పోయి చేటతో బియ్యప్పిండి తెచ్చింది. చెన్నుడికి ఇవ్వలేదు. తనే వంగి, గీత తెగిన చోటినుంచి పోసుకుంటూ అవ్వ వైపు నడిచింది. "చూస్తారేంది? కొంపల్లో పిండి లేదా? తేండి!" అని అరిచింది. ఆడవాళ్ళు పరిగెత్తారు. చేటలు, గిన్నెలు, దోసిళ్ళు వచ్చాయి. గీత మళ్ళీ కదిలింది. చీమలు కదిలాయి. తను ముట్టకూడదు గనక చెన్నుడు చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నడిచాడు.

సూర్యుడు మునిగాడు. సిద్ధుడు కాగడా వంచాడు. గీత అతని కాలిని తాకింది.

దండు దండమెక్కింది. నున్నటి వెదురు మీద ఎర్రటి అల పాకినట్టుంది. ఫెళ్ళుమని దండం చీలింది. దాని బోలులో, కొవ్వొత్తిలా తెల్లగా ఉబ్బిన, మూరెడు పొడుగు చెదరాణి! ఇన్నాళ్ళూ అది సిద్ధుడి చేతిలోనే ఉంది. అతను పొగ వేస్తే తన సేనను దాచుకునేది, తొలకరికి విప్పుకునేది.

జనం హాహాకారం చేశారు. రాజు బురుజు మీదినుంచి కత్తి దూశాడు. సిద్ధుడు చెదరాణిని చంకలో ఇరికించుకుని, అవ్వ కట్లు తెంచి జుట్టు పట్టుకుని, మడమతో నేలను తన్నాడు. నేల చెదపుట్టలా నోరు తెరిచింది.

"ఈ ముసలిదాని చెయ్యి ఉన్నంతకాలం నాకు నిద్రలేదు. దీన్ని పాతాళంలో నా రాణికి తినిపిస్తాను!" అంటూ దూకాడు.

చెన్నుడు గోతి అంచుకు పరిగెత్తాడు. లోపల ముక్కుకు మట్టి వాసన, కంటికి చీకటి. ఎన్ని దారులున్నాయో, ఏ దారిన పోయారో.

చూపు అలవాటు పడేసరికి, గోతి లోపలి గట్టు మీద చిన్న తెల్లచుక్క కనబడింది. కాస్త కింద ఇంకొకటి. దానికింద ఇంకొకటి. పొద్దున పట్టుకుపోయినప్పుడు అవ్వ కొంగున మూటగట్టిన పిండి. జుట్టుపట్టి ఈడ్చుకుపోతుంటే చిటికెడు చిటికెడు రాలుస్తూ పోతోంది. చీమలకు ముగ్గు వేస్తోంది.

దండు చుక్క వెంట చుక్కగా లోపలికి దిగింది. గట్టు పట్టుకున్న చెన్నుడి చేతి దగ్గరికి వచ్చి, వేళ్ళను ముట్టకుండా చుట్టూ తిరిగిపోయింది. చీకట్లో కూడా ఆ చేతికి రాతిపొడి తళుకు పోలేదు.

"మీరు ముందు పోండి తల్లీ" అన్నాడు చెన్నుడు మెల్లగా. "నేను మీ ఎనకే వస్తా."

పైన గంగులు, సిద్ధుడు వదిలేసిన కాగడా తీసి విసిరింది. ఒంటి చేత్తో అందుకుని, చెన్నుడు ఆ తెల్లచుక్కల వెంట నేల నోట్లోకి దిగాడు. ముందు చీమలు నడుస్తున్నాయి. వెనక అతను.